చౌరస్తా జవాబులు: ముందు ఫొటో చూడండి

పోయిన నెల హెల్మెట్ల గురించి రాస్తే పట్టుమని పది ఉత్తరాలు రాలేదు. ఈ నెల మాత్రం "సిగ్నల్ జంప్ చేశారని నోటీసొచ్చింది, ఏం చేయాలి?" అంటూ సంచీడు వచ్చాయి. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు, ఒకాయన పద్యం రాశాడు. పద్యం వేసుకోవడం నా చేతిలో లేదు. మిగతావాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు చెబుతాను. మరోసారి మనవి చేస్తున్నాను, నేను వకీలును కాను. ముప్పై ఒక్క ఏళ్లు ట్రాఫిక్‌లో చేసి ఎస్సైగా రిటైరైనవాణ్ని. కోర్టుదాకా పోయే సంగతైతే వకీలును అడగండి. నాకు తెలిసింది చౌరస్తా, ఎర్ర లైటు, దాన్ని దాటాక మనుషులు చెప్పే కథలు.

*

"సార్, శనివారం సాయంత్రం నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా స్కూటీ సిగ్నల్ జంప్ చేసిందట, 1,035 రూపాయలు కట్టాలట. మావారు 'అదంతా మోసం, ముట్టుకోకు' అంటున్నారు. మా అబ్బాయి 'కట్టేయమ్మా, గొడవ వదిలిపోతుంది' అంటున్నాడు. నేను మాత్రం గ్రీన్‌లోనే వెళ్లాను సార్, ఒట్టు. ఎవరి మాట వినాలి?"
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ ఒక్కో ముక్క చెప్పారు గానీ ఫొటో మాత్రం ఎవరూ చూసినట్టు లేరు.

ముందు మీవారి మాట. ఆయన భయం ఉత్తది కాదు. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతున్నారు. దాని పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. నొక్కితే ఫోన్‌లో యాప్ దిగుతుంది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, బ్యాంకు ఓటీపీలు వాళ్లకు చేరిపోతాయి. అసలు చలాన్ ఎప్పుడూ యాప్ రూపంలో రాదు. అందుకని మెసేజ్‌లో ఉన్న లింకు జోలికి పోకండి, అది నిజమైనదే అయినా సరే. మీరే బ్రౌజర్ తెరిచి పోలీసుల సైటుకు వెళ్లి బండి నంబరు కొట్టి చూడండి. ప్రభుత్వ సైటు చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. బండి ఏ రాష్ట్రంలో పట్టుబడిందో ఆ రాష్ట్రపు సైటులో వెతకాలి. హైదరాబాద్ చలాన్ తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పేజీలో ఉంటుంది. కేంద్రం వాళ్ల పరివాహన్‌లో వెతికితే ఆ సైటు ఛాసిస్ నంబరో ఇంజన్ నంబరో చివరి ఐదంకెలు అడుగుతుంది, ఆర్సీ పక్కన పెట్టుకోండి. ఇదంతా మనవల్ల కాదనుకుంటే మీసేవకు పోయి బండి నంబరు చెబితే వాళ్లే చూసి చెబుతారు.

సైటులో చలాన్ కనబడిందనుకోండి. అప్పుడు కట్టమనే బటన్ నొక్కకుండా ఫొటో తెరవండి. పెద్దది చేసి చూడండి.

ఎర్ర లైటు కెమెరా పనిచేసే తీరు తెలిస్తే ఆ ఫొటోలో ఏం వెతకాలో తెలుస్తుంది. ఒక కెమెరా చౌరస్తాను మొత్తంగా చూస్తుంటుంది, లైటూ తెల్ల గీతా బళ్లూ అన్నీ కలిపి. ఇంకోటి నంబరు ప్లేటు మీదే కన్నేసి ఉంటుంది. లైటు ఎర్రగా ఉన్నప్పుడు బండి గీత దాటితే ఒకటికి మించి ఫొటోలు తీస్తుంది. మొదటిదానిలో మీ ముందు చక్రం గీతకు ఇవతల ఉండాలి, లైటు అప్పటికే ఎర్రగా ఉండాలి. తర్వాతిదానిలో బండి గీత దాటి ముందుకు పోతూ ఉండాలి, లైటు ఇంకా ఎర్రగానే ఉండాలి. ఈ రెండూ ఉంటే ఇక వాదన లేదు. మొదటి ఫొటోలోనే మీ బండి గీతకు అవతల ఉంటే సంగతి వేరు. పసుపులోనో పచ్చలోనో మీరు చౌరస్తాలోకి వచ్చేసి, ముందు ట్రాఫిక్ కదలక ఇరుక్కుపోయి ఉండవచ్చు. అది చెప్పుకోదగ్గ వాదన. రెండు ఫొటోల్లోనూ బండి ఒకే చోట, గీత మీదో జీబ్రా చారల మీదో ఆగి ఉంటే అది సిగ్నల్ జంప్ కాదు, స్టాప్ లైన్ దాటడం. దాని జరిమానా చాలా తక్కువ. దానికి సిగ్నల్ జంప్ అని రాసి ఉంటే మార్చమని అడగండి.

కానిస్టేబుల్ చేతి కెమెరాతో తీసినదైతే ఒక్కటే ఫొటో ఉండవచ్చు, వెనక నుంచి తీసింది. అందులోనూ చూడాల్సింది అదే: మీ బండితోపాటు ఎర్ర లైటు కూడా కనబడుతోందా? బండి ఒక్కటే కనిపించే ఫొటో సిగ్నల్ సంగతి ఏం చెబుతుంది?

ఇక మీ ఒట్టు సంగతి. మీరు అబద్ధం చెప్పారని నేననను. నా కథ వినండి. రిటైరైన రెండో ఏడు నాకే వచ్చింది నోటీసు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరినీ ఆపినవాణ్ని, నాకు నోటీసా అని మండిపోయాను. గ్రీన్‌లోనే పోయానని మా ఆవిడ ముందు నేనూ ఒట్టు పెట్టాను. ఫొటో తెరిస్తే లైటు చెర్రీ పండులా ఉంది. నా స్కూటర్ గీత దాటి గజం దూరం పోయింది. ముందు తగిలించుకున్న సంచీలోంచి మునక్కాయలు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి ఉన్నాయి. "యూనిఫాంతోపాటు కళ్లు కూడా సరెండర్ చేశారా?" అంది మా ఆవిడ. తర్వాత ఆలోచిస్తే తట్టింది, నా ముందు సిటీ బస్సు ఉంది. అది గ్రీన్‌లో దాటింది. దాని వెనకే నేను. బస్సు అడ్డం వల్ల లైటు నాకసలు కనిపించనే లేదు, అయినా గ్రీన్ చూసినట్టే గుర్తుండిపోయింది. నిజాయితీగా తప్పు గుర్తుండటం అంటే అదే. మీ ముందు ఆ సాయంత్రం ఏముందో గుర్తు తెచ్చుకోండి.

నేను కట్టేశాను. మీ ఫొటోలో కూడా లైటు ఎర్రగా ఉంటే మీరూ కట్టేయండి. ఆ 35 ఏమిటని చాలామంది అడుగుతారు, అది యూజర్ ఛార్జీ. ఫొటో తేడాగా ఉంటే మాత్రం మీ అబ్బాయి మాట వినకండి. డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకుని కోర్టు లేకుండా తేల్చుకోవడం. మోటారు వాహనాల చట్టంలో దీన్ని కాంపౌండింగ్ అంటారు. ఆ మొత్తం ఎంతో 200వ సెక్షన్ కింద రాష్ట్రాలే నిర్ణయిస్తాయి, అందుకే ఊరూరికీ ధర మారుతుంది. ముందు కట్టి తర్వాత పోట్లాడదామంటే కుదరదు.

నోటీసులో సెక్షన్ నంబర్లు కూడా చదవండి. 119 అంటే రోడ్డు సంకేతాలు పాటించాలనే విధి. 177 సాధారణ జరిమానా. 184 అంటే ప్రమాదకరంగా నడపడం. ఎర్ర లైటు దాటడాన్ని 2019 సవరణలో పేరు పెట్టి మరీ 184లో చేర్చారు. కేసు కోర్టుకు పోతే ఆ సెక్షన్ కింద మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే జరిమానా 10,000. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. "ఏముందిలే, వెయ్యి రూపాయలేగా" అనేవాళ్లు మీ ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

*

"అన్నా, నాకు ఫొటో దొరికింది. బండి నంబరు నాదే. బండి మాత్రం నాది కాదు! నాది నల్ల స్ప్లెండర్, ఫొటోలో ఎర్ర పల్సర్. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా, కంపెనీల పంచింగ్ ఉంది. ఎవరికి చెప్పుకోవాలె?"
– కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు

తమ్మీ, నీది ఈ నెల వచ్చినవాటిలో గట్టి కేసు. ఇలాంటిది రెండు రకాలుగా జరుగుతుంది. నువ్వు ఏ రకమో ముందు తేల్చుకో.

మొదటిది చదవడంలో పొరపాటు. ప్లేటు చదివేది కంప్యూటరైనా మనిషైనా 8కి, ఇంగ్లిష్ 'బీ'కి తేడా పోల్చుకోవడం కష్టం. సున్నాకీ 'డీ'కీ అదే తిప్పలు. ప్లేటు మీద బురద ఉన్నా, పువ్వుల డిజైన్‌లో అంకెలు రాయించుకున్నా ఇక చెప్పక్కర్లేదు. ఫొటోను పెద్దది చేసి ప్లేటు మీద ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదువు. ఒక్కటి తేడా వచ్చినా నీ పని సులువైనట్టే. అది వాళ్లే రికార్డు చూసి సరిదిద్దుకునే పని.

రెండోది దొంగ ప్లేటు. ఎవడో నీ నంబరు రాయించుకుని తిరుగుతున్నాడు. అప్పుడు చలాన్ రద్దు చేయించుకుని ఊరుకుంటే చాలదు. నేడు సిగ్నల్ జంప్ చేశాడు, రేపు గొలుసు తెంచుతాడు, పోలీసులొచ్చేది నీ ఇంటికే. నీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకో. చలాన్‌లోని ఫొటోయే నీకు సాక్ష్యం. ఆ ఫొటోలో ఇంకోటి కూడా చూడు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు కంపెనీ నుంచే హై సెక్యూరిటీ ప్లేటు వస్తోంది. దాని మీద అశోక చక్రం హోలోగ్రాం, లేజర్‌తో చెక్కిన పదంకెల నంబరు ఉంటాయి, తీస్తే విరిగిపోయే తాళంతో బిగిస్తారు. నీ బండికి అది ఉండి, ఫొటోలోని బండికి మామూలు రేకు ప్లేటు ఉంటే ఆ మాట ఫిర్యాదులో రాయి.

చలాన్ వేసిన విభాగానికి పంపే అర్జీలో కథలు వద్దు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నాలుగు పేజీల అర్జీలు వచ్చేవి. మొదటి పేజీ అంతా దేశం ఎటు పోతోందన్న బాధ, చివరి పేజీలో గానీ బండి నంబరు ఉండేది కాదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా చలాన్ నంబరు, ఫలానా తేదీ, సమయం, ఫలానా చౌరస్తా. చలాన్ ఫొటోలోని వాహనం ఎర్ర పల్సర్. ఆ నంబరు గల నా వాహనం నల్ల స్ప్లెండర్. ఆర్సీ కాపీ, నా వాహనం ముందు వెనక ఫొటోలు, ఆ రోజు హాజరు వివరం, పోలీస్ ఫిర్యాదు రశీదు జతపరుస్తున్నాను. పరిశీలించి చలాన్‌ను రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను."

ఐదు వాక్యాలు. ఇంక ఒక్క ముక్క కలపకు. మెయిల్ పంపినా సరే, ఒకసారి మనిషివి కూడా పోయి ఈ-చలాన్ విభాగంలో చూపించు. ఇలాంటివి స్క్రీన్ మీద రెండు బళ్లు పక్కపక్కన పెడితే నిమిషంలో తేలిపోతాయి. కౌంటర్లో ఉన్న కానిస్టేబుల్ మీద అరవకు, ఆ ఫొటో తీసింది అతను కాదు. పరివాహన్‌లో నమోదైన చలాన్ అయితే ఆ సైటులోనే ఫిర్యాదు పెట్టే చోటు ఉంది, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకో.

ఆలస్యం మాత్రం చేయకు. కెమెరాలతో వేసే చలాన్ల కోసం కేంద్రం 2021 ఆగస్టులో 167ఏ అనే నిబంధన తెచ్చింది. తప్పు జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు పంపాలని, నేరమూ ప్లేటూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, సెక్షన్ అన్నీ అందులో ఉండాలని, చలాన్ తేలేదాకా ఆ రికార్డు దాచాలని అందులో రాశారు. దాచమన్నారు కదా అని మనం కూర్చోకూడదు. వీడియో కావాలని మొదటి వారంలోనే అడిగినవాడికి దొరికినంత సులువుగా ఏడాది తర్వాత అడిగినవాడికి దొరకదు.

*

"వెనక అంబులెన్స్ సైరన్ మోగిస్తుంటే దారి ఇవ్వడానికి రెడ్‌లోనే ముందుకు జరిగాను. చలాన్ వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైంది. ఇదేం న్యాయం?"
– విజయవాడ నుంచి ఒక కారు యజమాని

మీ బాధ అర్థమైంది. అంబులెన్స్‌కి దారివ్వకపోతే 194ఈ సెక్షన్ కింద పదివేల జరిమానా ఉంది, దారిచ్చినందుకు ఇంకో జరిమానా ఏమిటని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఒక చిక్కుంది. జాగ్రత్తగా ఎర్ర లైటు దాటే వెసులుబాటు అంబులెన్స్‌కి ఉంది, దాని ముందున్న మనకు లేదు. మనం చేయాల్సింది ఎడమకు ఒదిగి సందు ఇవ్వడం. చౌరస్తాలో కానిస్టేబుల్ ఉండి చెయ్యి ఊపితే ఆ చెయ్యే సిగ్నల్, అప్పుడు లైటు సంగతి మరిచిపోవచ్చు.

అయినా మీ చలాన్ రద్దు కాదని నేననను. మళ్లీ ఫొటో దగ్గరికే రండి. మీ వెనక అంబులెన్స్ కనబడుతోందా? మీరు గీత దాటి కారు పొడవంత జరిగి ఆగారా, లేక ఆ ఊపులో చౌరస్తా దాటి వెళ్లిపోయారా? మొదటిదైతే అర్జీ పెట్టండి, తప్పకుండా వింటారనే నా నమ్మకం. ఫొటోలో అంబులెన్స్ లేకపోతే ఆ నిమిషం వీడియో చూడమని అడగండి. మీ కారులో డాష్‌క్యామ్ ఉంటే ఆ ముక్క ఇవాళే వేరే చోట దాచండి, కార్డు నిండితే పాతది చెరిగిపోతుంది. రెండోదైతే, అంటే అంబులెన్స్‌కి ముందు మీరే పైలట్‌లా దూసుకుపోతే, కట్టేయండి సార్.

ఇదే ఊరి నుంచి ఇంకొకరు ఎడమ మలుపు గురించి అడిగారు. ఎడమకు ఎప్పుడూ ఫ్రీ అనుకోవడం మన అలవాటే గానీ చట్టం కాదు. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డో, ఆకుపచ్చ బాణమో ఉంటేనే తిరగాలి.

*

"రెండేళ్ల కింద బైక్ కన్సల్టెన్సీ వాళ్లకు అమ్మేశాను. ఇప్పుడు వరసగా నాలుగు సిగ్నల్ జంప్ చలాన్లు నా ఫోన్‌కి. నేనెందుకు కట్టాలి?"
– ఖమ్మం నుంచి, పేరు రాయలేదు

ఆర్సీలో ఇంకా మీ పేరే ఉంది కాబట్టి. కన్సల్టెన్సీ వాళ్లు మీ చేత ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఉంటారు. ఆ కాగితాలు ఆఫీసుకు పోకుండా ఏ డ్రాయర్‌లోనో నిద్రపోతున్నాయి. అమ్మకం రాష్ట్రం లోపలైతే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 50వ సెక్షన్ చెబుతోంది. మనలో నూటికి తొంభై మంది డబ్బు లెక్కపెట్టుకుని తాళాలు ఇచ్చి వచ్చేస్తాం. చలాన్‌తో పోతే అదృష్టం. 2018లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే యజమాని అని తేల్చింది. ఆ బైకు రేపు ఎవరినైనా గుద్దితే?

ఈ వారమే అమ్మకపు కాగితం, డెలివరీ నోటు, డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీ పట్టుకుని ఆర్టీఏకి వెళ్లి అమ్మిన సంగతి రాసివ్వండి. నడిపిందెవరో చెప్పమని పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ ప్రకారం యజమానిది. కాబట్టి కొన్నవాళ్ల వివరాలతో ఈ-చలాన్ విభాగానికి కూడా ఓ అర్జీ ఇవ్వండి. డెలివరీ నోటు అసలు తీసుకోనే లేదని మాత్రం నాతో అనకండి.

*

"మా అబ్బాయి సిడ్నీలో ఉంటాడు. కారు రెడ్ లైట్ కెమెరాకి దొరికిందట. వాడికి ఇప్పటికే పది పాయింట్లు ఉన్నాయి, ఇంకో మూడు పడితే లైసెన్సు పోతుందట. మావారు అప్పుడు అక్కడే ఉన్నారు, వచ్చే నెల వెనక్కి వచ్చేస్తున్నారు. 'నాన్న నడిపాడని రాసేద్దాం, ఆయనకి ఏం కాదు, అందరూ ఇలాగే చేస్తారు' అంటున్నాడు. మావారు సరే అన్నారు. నాకు మాత్రం గుండె దడగా ఉంది."
– ఒక తల్లి, గుంటూరు

మీ గుండెదడే కరెక్టమ్మా.

సిడ్నీ పద్ధతి మన పద్ధతి కాదు. మన దగ్గర ఫొటో బండి చుట్టూ తిరుగుతుంది, అక్కడ మనిషి చుట్టూ తిరుగుతుంది. జరిమానా ఒక్కటే కాదు, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఎర్ర లైటుకు మూడు డీమెరిట్ పాయింట్లు, అంటే లైసెన్సు మీద తప్పు మార్కులు, పడతాయి. పూర్తి లైసెన్సు ఉన్నవాడికి మూడేళ్లలో పదమూడు దాటకూడదని కాదు, పదమూడు తాకితేనే సస్పెన్షన్. అందుకే నోటీసు కారు యజమానికి వస్తుంది, నడిపింది తను కాకపోతే నడిపినవాడి పేరు ఇమ్మంటారు. ఆ కాగితం మామూలు కాగితం కాదు, ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలంతో సమానం.

అక్కడ మార్కస్ ఐన్‌ఫెల్డ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఫెడరల్ కోర్టు జడ్జిగా చేసి రిటైరయ్యాడు. 2006 జనవరిలో ఆయన కారు స్పీడ్ కెమెరాకి దొరికింది. జరిమానా ఎంతనుకున్నారు? 77 డాలర్లు. ఆ రోజు కారు నడిపింది నేను కాదు, విదేశం నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఒక ప్రొఫెసర్ అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. కేసు కొట్టేశారు. ఒక పత్రిక వాళ్లు ఆరా తీస్తే ఆ ప్రొఫెసర్ 2003లోనే అమెరికాలో చనిపోయిందని బయటపడింది. ఆ అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం, దానికి ఇంకోటి. చివరికి 2009 మార్చిలో మూడేళ్ల శిక్ష వేశారు, అందులో కనీసం రెండేళ్లు జైల్లో ఉండాల్సిందే అన్నారు. డెబ్బై ఏళ్ల మాజీ న్యాయమూర్తి, 77 డాలర్ల కోసం.

"విదేశం నుంచి వచ్చినవాళ్లు నడిపారు" అన్న కథ అక్కడివాళ్లకు కొత్త కాదని చెప్పడానికి ఇది రాశాను. మీ అబ్బాయి వీసా మీద ఉన్నాడో, పౌరసత్వానికి పెట్టుకున్నాడో మీరు రాయలేదు. ఏదైనా సరే, తప్పుడు వాంగ్మూలం కేసు ముందు మూడు పాయింట్లు ఏపాటి? మీవారి పేరు కూడా అక్కడి రికార్డుకెక్కుతుంది, మళ్లీ మనవణ్ణి చూడటానికి పోవాలి కదా.

అబ్బాయికి ఇంకో దారి ఉంది, అది చెప్పండి. పదమూడు నుంచి పదిహేను పాయింట్లయితే మూడు నెలల సస్పెన్షన్. దానికి బదులు గుడ్ బిహేవియర్ లైసెన్సు అడగవచ్చు. పన్నెండు నెలలపాటు బండి నడుపుకోవచ్చు, ఆ ఏడాదిలో ఒక్క పాయింటు దాకానే ఓర్చుకుంటారు. రెండు పడితే అసలు సస్పెన్షన్‌కి రెట్టింపు. ఇంతకీ వాడు ఫొటోలు చూశాడా? అక్కడ జరిమానాలు చూసే రెవెన్యూ ఎన్‌ఎస్‌డబ్ల్యూ సైటులోనే కెమెరా ఫొటోలు చూసుకోవచ్చు. తేడా ఉంటే పునఃపరిశీలన కోరవచ్చు, కోర్టుకూ పోవచ్చు. నోటీసు మీద వేసిన గడువు తేదీ దాటనివ్వకండి. ఆ పది పాయింట్లలో పాతవి ఎప్పటివో కూడా చూడమనండి, ఈ తప్పు జరిగిన రోజుకు మూడేళ్లు దాటినవి లెక్కలోకి రావు.

అక్కడి ఎర్ర లైటు కెమెరాలు చాలావరకు స్పీడు కూడా కొలుస్తాయి, లైటు పచ్చగా ఉన్నా సరే. పసుపు చూసి తొక్కేయడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య కదా, రెండు నోటీసులు ఒకేసారి వస్తాయి.

*

"చలాన్లు పదకొండు ఉన్నాయి. మళ్లీ డిస్కౌంట్ ఎప్పుడు ఇస్తారు?"
– ఎల్‌బీ నగర్ నుంచి ఒక యువకుడు

నాయనా, ఆ సంగతి తెలిస్తే నేను ఈ శీర్షిక మానేసి జాతకాలు చెప్పుకునేవాణ్ని. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర మళ్లీ ఇచ్చారు, ఈసారి 80 శాతం, గడువు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరి దాకా తెచ్చారు. బెంగళూరులో 2023లో సగానికి సగం తగ్గించారు. ఎవరు ఎప్పటికప్పుడు కట్టేశారో వాళ్లే ఆ రోజుల్లో వెర్రివాళ్లలా మిగిలారు. నాకు ఈ మాఫీలు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. కట్టనివాడికి బహుమతి ఇస్తే చౌరస్తాలో ఎండలో నిలబడ్డ హోంగార్డు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

నీ పదకొండింటిలో సిగ్నల్ జంప్‌లు ఎన్నో రాయలేదు. ఆ లెక్క ముఖ్యం. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే ఎర్ర లైటు దాటితే కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. లైసెన్సుకు డిస్కౌంట్ ఉండదు. పదకొండూ తెరిచి వరసగా ఫొటోలు చూడు. అన్నీ ఒకే చౌరస్తాలో, ఒకే టైముకు ఉన్నాయేమో చూడు. అలా ఉంటే పొద్దున పది నిమిషాలు ముందు బయల్దేరు.

*

నంద్యాల నుంచి రాసినవారికి: నోటీసులో అన్యాయం జరిగిందని మూడు పేజీలు రాశారు గానీ ఫొటో జతచేయలేదు. నంబరు ప్లేటు, మీ ఫోన్ నంబరు కనబడకుండా మూసేసి ఫొటో ఒక్కటి పంపండి. వచ్చే నెల చూస్తాను.